చిక్కుడు గింజల పరీక్ష

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది నర్సమ్మ. సూదుల పెట్టె, మాత్రల సంచీ పట్టుకుని పదిహేను రోజులకోసారి కొండమీది ఊళ్లన్నీ నడిచి తిరిగే మనిషి ఆవిడ. అనంతగిరి దాటాక కాఫీ నర్సరీ పక్కనున్న మా ఇల్లు ఆవిడకి మజిలీ. మా అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్లకు పట్టిన జలగల్ని ఉప్పుతో రాల్చుకుంటూ పై ఊళ్ల సంగతులన్నీ చెప్పేది. ఆ రోజు చెప్పులు విప్పకుండానే మొదలెట్టింది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? పూజలైపోనాయా? బేగి ఇలా రా. నీకో ఉజ్జోగం తెచ్చినాను."

నాకప్పటికి ఇరవై నాలుగేళ్లు. తొంభైలు సగం దాటిన రోజులు. ఉద్యోగం అన్న మాట మా ఇంట్లో నాన్నగారికి తప్ప ఇంకెవరికీ వాడేవాళ్లం కాదు.

"నాకెవరిస్తారు నర్సమ్మా, బడి మొహం చూడనిదాన్ని?"

"బడి మొహం సూసినోళ్లే పట్నం నుంచి జీపేసుకుని వొచ్చేరు. ఆల్లకి కొండోళ్ల మాట రాదు. పిల్లల్ని సూత్తారంట. పొద్దున్నించి సాయంత్రం దాకా కూకుని సూడ్డవే పనంట. దానికి జీతం కూడాను."

"చూసి?"

"సూసి రాసుకుంతారు. నన్ను సూత్తే పిల్లలు పారిపోతారు, ఆల్లని సూత్తే పారిపోరంట. అందుకే ఆల్ల జీతం ఎక్కువ," అని తన మాటకి తనే నవ్వుకుంది.

పిల్లల్ని చూడడం ఒక పని ఎలా అవుతుంది? చూసింది రాసుకుని ఏం చేసుకుంటారు? ఆ రెండు ప్రశ్నలూ ఆ రోజంతా నన్ను వదల్లేదు. పప్పు పోపు పెడుతున్నా అవే, సాయంత్రం దీపం వెలిగిస్తున్నా అవే.

మా నాన్నగారు విజయనగరం వైపు పల్లె నుంచి ఉద్యోగం కోసం కొండెక్కినవారు. నర్సరీలో సూపర్‌వైజరు. నాకు చిన్నప్పుడే ఉబ్బసం పట్టుకుంది. బడికి వెళ్లాలంటే వాగుల్లాంటి రెండు గెడ్డలు దాటి మంచులో నడవాలి. రెండు రోజులు పంపించి మూడో రోజు మాన్పించారు. ఆ తర్వాత నా బడి మా వరండాయే. నాన్నగారు పొద్దున డ్యూటీకి వెళ్తూ ఒక పద్యం, ఒక లెక్క ఇచ్చి వెళ్లేవారు. సాయంత్రం వచ్చి రెండూ అప్పజెప్పించుకునేవారు. అమ్మ దగ్గర స్తోత్రాలు, వంట. కొండభాష నేర్పినవాళ్లేమో నర్సరీలో కాఫీ మొక్కల సంచులకి మట్టి నింపడానికి వచ్చే ఆడవాళ్లు. వాళ్ల మధ్య కూర్చుని నేనూ మట్టి నింపేదాన్ని. అది నేర్చుకోవడమని అప్పుడు నాకు తెలియదు. ఒక్క మనిషికి ఇంతమంది గురువుల్ని ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

నాన్నగారు వెంటనే ఒప్పుకోలేదు. "పిల్లల్ని చూడ్డానికి పరిశోధన దేనికే? మీ అమ్మ చూడలేదూ నిన్ను?" అన్నారు.

"అదే నాన్నగారూ, అమ్మకి కనపడనిది వాళ్లకేం కనిపిస్తుందో చూడాలని ఉంది."

వంటింట్లోంచి అమ్మ, "నాకు కనపడనివి బోలెడున్నాయి. దాన్ని వెళ్లనివ్వండి," అంది.

పరిశోధన వాళ్లు రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ బృందానికి పెద్ద ఒక మేడమ్. యాభైకి దగ్గరపడిన మనిషి, నేత చీర, నెరిసిన జుట్టు బిగించిన ముడి. నేను వెళ్లేసరికి నేలమీద చాప వేసుకుని కాగితాలకి దారం కుడుతున్నారు. పిల్లలు ఇళ్లలో ఎలా నేర్చుకుంటారు, తల్లీతండ్రీ ఏం నేర్పుతారు, పిల్లల్ని చూసుకునే కార్యకర్తలకి ఎలాంటి శిక్షణ ఇస్తే బాగుంటుంది, ఇవీ వాళ్లు తెలుసుకోవాలనుకున్న సంగతులు.

"ఏం చదివారు?" అని అడిగారు మేడమ్.

"ఏమీ చదువుకోలేదండి."

చేతిలో ఉన్న కాగితమొకటి ఇచ్చారు. నేను గడగడా చదివాను. ఆవిడ దారం పక్కన పెట్టి నా వంక చూశారు. "మరి చదువుకోలేదన్నారే?"

"ఇంట్లో వచ్చినదాన్ని చదువంటారో లేదో నాకు తెలియదండి."

ఆవిడ తన నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలుసుకోవాలని ప్రాణం లాగింది కానీ అడగలేకపోయాను. మర్నాటి నుంచి రమ్మన్నారు.

మొదటి వారం నాకిచ్చిన పని ఒకటే. ఒక బిడ్డని గంటసేపు చూడాలి, అయిదు నిమిషాలకోసారి ఏం చేస్తోందో రాయాలి. నేను మొదటి రోజు "పాప అల్లరి చేస్తోంది" అని రాశాను. మేడమ్ ఆ మాట చుట్టూ పెన్సిలుతో గీత గీశారు.

"అల్లరి మీకు ఎక్కడ కనిపించింది?"

"అల్లరేనండి అది. మట్టి తీసి కుక్క మీద పోస్తోంది."

"అదిగో, అది రాయండి. చెయ్యి ఏం చేసింది, కాలు ఏం చేసింది, కళ్లు ఎటు చూశాయి. అల్లరో కాదో తర్వాత ఆలోచిద్దాం."

అప్పటి నుంచి అలాగే రాశాను. పాప కుడిచేత్తో మట్టి తీసి కుక్క మీద పోసింది. కుక్క లేచి పోయింది. పాప కుక్క పడుకున్న చోట కూర్చుంది. రాసి చదువుకున్నాక తెలిసింది, పాపకి ఆ ఎండ పడే చోటు కావాలి. అంతే, అది అల్లరి కాదు. ఆ చిన్న సంగతి పట్టుబడ్డందుకు ఆ రోజు ఇల్లు చేరేదాకా నాలో నేనే నవ్వుకుంటూ నడిచాను. అప్పటికెన్నాళ్లుగానో పిల్లల మధ్యే బతుకుతున్నాను, ఒక్కరినీ చూడలేదన్నమాట.

అసలు విషయానికి వస్తాను. ఆ కొండల్లో ఒక సంస్థ కొన్ని బాలబళ్లు నడిపేది. తల్లులు కొండపోడుకో అడవికో వెళ్లినప్పుడు అయిదేళ్లలోపు పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి, ఇంత జావ పోసి, ఆడించి పాడించే పాకలు అవి. వచ్చే ఏడు నుంచి అన్నీ నడపలేమనీ, పిల్లలు బాగా ఎదుగుతున్న చోట్లే ఉంచి మిగిలినవి ఎత్తేస్తామనీ ఆ సంస్థవాళ్లు చెప్పారు. ఏవి ఉండాలో ఏవి పోవాలో మేడమ్ పరిశోధన చూసి వాళ్లు తేలుస్తారు. పిల్లలకి చిన్న పరీక్షలు పెట్టి ఆ ఫలితాలు పంపాలి.

వాటిలో అన్నిటికన్నా ఎత్తున, రోడ్డు నుంచి రెండు గంటలు నడిస్తే గాని రాని ఊళ్లో ఒక బాలబడి ఉంది. దాన్ని చూసుకునే ఆమెని ఊరంతా అప్ప అనేవారు. అక్కని పిలిచే పిలుపు అది. నేనూ అలాగే పిలిచాను. నలభై ఏళ్లుంటాయి. గట్టి మనిషి, నడిస్తే నేల తెలిసేది. ఆ ఊరి కింద గెడ్డ పారుతుంది. బాలబడి రాకముందు ఒక వానాకాలం పెద్దవాళ్లంతా పనుల్లో ఉండగా ఒక పసివాడు ఆ గెడ్డలో కొట్టుకుపోయాడు. మర్నాటి నుంచి అప్ప తన పోడు పని మానేసి ఊరి పిల్లలందర్నీ తన గుమ్మంలో కూర్చోబెట్టుకుంది. బాలబడి అనే పేరు, పాక, జావగిన్నె తర్వాత వచ్చాయి. ఈ కథ నాకు చెప్పినది నర్సమ్మే. చెప్పి, "ఆ పాకెత్తేత్తే పిల్లలు మల్లీ గెడ్డ కాడికే పోతారు. అది మీ కాయితాల్లో రాయండమ్మా," అంది.

పట్నం నుంచి తెచ్చిన పరీక్ష సామాను ఒక రేకుపెట్టెలో ఉండేది. రంగురంగుల ప్లాస్టిక్ పూసలు, చెక్క దిమ్మలు. వాటిని రంగుల వారీగా వేరుచేయమని, పెద్దవీ చిన్నవీ చూపమని, అయిదు లెక్కపెట్టమని పిల్లల్ని అడగాలి. మేడమ్‌కి ఆ పూసలు నచ్చలేదు. "ఈ పిల్లలు ఇలాంటివి పుట్టి ఎరగరు. వీటితో పరీక్ష పెడితే మనం ప్లాస్టిక్‌ని పరీక్షించినట్టే అవుతుంది. వాళ్లు రోజూ చూసే వస్తువు కావాలి. రంగులుండాలి, సైజులుండాలి," అన్నారు.

నేను వెంటనే, "కొండచిక్కుడు గింజలండి," అన్నాను.

మా పెరట్లో పందిరికి అప్పుడే కాయలు ముదిరి ఎండుతున్నాయి. ఒలిస్తే తెల్లవి, ఎర్రవి, నల్లవి, చుక్కలవి, ఒకే చేటలో అన్ని రంగులూ ఉంటాయి. రెండు పిడికిళ్లు ఒలిచి తెచ్చాను. మేడమ్ వాటిని అరచేతిలో పోసుకుని దొర్లించి, "ఇంతకన్నా ఏం కావాలి! మీరు మాకు దొరకడం మా అదృష్టం," అన్నారు. ఆ మాట నేను ఇంటికెళ్లి అమ్మకి రెండుసార్లు చెప్పాను.

మొదట రోడ్డు పక్క ఊళ్లో పరీక్ష పెట్టాం. పిల్లలు గింజల మీద పడ్డారు. ఎర్రవి ఇటు, తెల్లవి అటు. ఒకడు లెక్కపెడుతూ పెడుతూ రెండు నోట్లో వేసుకుంటే వాళ్లమ్మ వేలుపెట్టి తీసింది. మేడమ్ మొహం వెలిగిపోయింది. గింజలు సరిపోయాయన్న ధైర్యంతో మర్నాడు పై ఊరికి నడిచాం.

అప్ప పాకంతా అలికి, పిల్లలకి తలలు దువ్వి, వరసగా కూర్చోబెట్టి ఉంది. వీళ్లు పిల్లల్ని చూడ్డానికి వస్తున్నారని తెలుసు. చూసి రాసేదాన్ని బట్టి పాక ఉంటుందో పోతుందో అనీ తెలుసు. నా పక్కకి వచ్చి, "సెల్లీ, రాత్రి నిద్దర నేదు నాకు. గుంటలు పరువు తీత్తారేమో," అంది.

"భయపడకప్పా. ఆట లాంటిదే."

పరీక్ష జరుగుతున్నంతసేపు కార్యకర్త మాట్లాడకూడదని నియమం. సాయం చేస్తే ఫలితం చెడిపోతుందని. మేడమ్ ఆ మాట చెప్పమంటే నేనే కొండభాషలో అప్పకి చెప్పాను. ఆమె తలూపి గోడకి చేరబడి చేతులు కట్టుకుని నించుంది.

మొదటి పాపకి నాలుగేళ్లుంటాయి. నూనె రాసిన జుట్టు, ముక్కుకి చిన్న పోగు. దాని ముందు చాప మీద చిక్కుడు గింజలు పోశాను. పాప కళ్లు పెద్దవయ్యాయి. గింజల వంక చూసింది. తర్వాత రెండు చేతులూ తీసి తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"ఎర్రవి నాకియ్యమ్మా," అన్నాను.

పాప కదల్లేదు.

"పెద్ద గింజ ఏది? చూపించు."

పాప అప్ప వైపు చూసింది. అప్ప కళ్లతోనే కొంచెం నవ్వింది. పాప ఇంకా గట్టిగా చేతుల మీద కూర్చుంది.

రెండో బిడ్డా అంతే. మూడోవాడు చేతులు చంకల్లో దోపుకున్నాడు. ఒకడైతే గింజలు కనపడగానే మొహం తిప్పేసుకుని గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. మేడమ్ ఓపికగా నాచేత రెండేసిసార్లు అడిగించారు. చివరి బిడ్డ దాకా ఒక్కరంటే ఒక్కరు ఒక్క గింజ ముట్టుకోలేదు. ఫారంలో ప్రతి ప్రశ్న ఎదురుగా "స్పందన లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాలి. అందరి ఫారాల్లోనూ ఆ గడిలో టిక్కులు పెట్టినది నేనే.

తిరుగుదారిలో మేడమ్ ఫారాలు చేత్తో పట్టుకునే నడిచారు. దిగువకి వచ్చాక, "పాపం, ఆవిడ మంచి మనిషిలాగే ఉంది. కానీ పిల్లలతో ఎవరూ ఏ ఆటా ఆడించినట్టు లేదు. నాలుగేళ్ల పిల్ల గింజ చేత్తో పట్టుకోలేదంటే ఏమనుకోవాలి? రాయక తప్పదు," అన్నారు.

నేను సరేనండి అన్నాను. ఇంటికి వచ్చి దీపం పెట్టి కూర్చున్నాను. ఆ గెడ్డే కళ్లముందు మెదిలింది.

మర్నాడు పొద్దున్న పూజ అయ్యాక నా నోటుబుక్కు తీశాను. ఫారాలు వేరు, నోటుబుక్కు వేరు. మేడమ్ నేర్పినట్టు, టిక్కులతో పాటు చెయ్యి, కాలు, కళ్లు కూడా అందులో రాసుకున్నాను. చేతులు తొడల కింద. చేతులు చంకల్లో. చేతులు వీపు వెనక. మొహం గోడవైపు. చదువుతూంటే వింతగా తోచింది. తెలియని పిల్లకి చేతులు ఊరికే వేలాడుతుంటాయి. లేదా తోచినట్టు గింజలు కెలుకుతుంది, విసురుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. వీళ్లు అలా చేయలేదు. ఒక్కొక్కరూ పనిగట్టుకుని తమ చేతుల్ని తామే పట్టి ఉంచుకున్నారు. ఎందుకు? పిల్లల్ని అలా కట్టి ఉంచినది ఏమిటి?

తల్లుల దగ్గర అడగాల్సిన ప్రశ్నల కాగితాలు కొన్ని మిగిలిపోయాయి. అవి నింపుకొస్తానని మేడమ్‌కి చెప్పి నేనొక్కదాన్నే కొండెక్కాను. ఉబ్బసం మనిషిని, నాలుగుచోట్ల కూర్చుని లేచి నడిచాను. అప్ప పాక ముందు పిల్లలకి జావ పోస్తోంది. నన్ను చూడగానే గరిటె గిన్నెలో వదిలేసి ఎదురొచ్చింది. మొహం చేటంత అయింది.

"సూసినావా సెల్లీ? ఒక్క గుంట, ఒక్క గుంటడు ముట్టనేదు."

నేను కాగితాల సంచీ భుజం మీంచి దించాను.

"ఆ చిన్నది ముట్టేస్తాదని గుండె దడదడలాడిపోనాది నాకు. దానికి గింజలంటే పేనం. సేతులమీద కూకుంది సూడు! నానేటీ నేర్పనేదు అలాగ కూకోమని. అదే కూకుంది. మీ మేడమ్ ఏటందీ? మెచ్చుకుందా?"

"ఎందుకు ముట్టకూడదప్పా?"

ఆమె నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "ఏటే, నాకు పరీచ్చా ఇది? కొత్త గింజలు కదేటి? దిశారి ఇంకా రోజు పెట్టనేదు. అమ్మోరికి ఎట్టకుండా పిల్లలెలాగ ముడతారు?"

అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో చిక్కుడు కొత్త పండుగ ఏ రోజు చేయాలో చెప్పే పెద్దని దిశారి అంటారు. ఆయన రోజు పెట్టాలి, కొత్త చిక్కుడు వండి దేవతకి పెట్టాలి, ఆ తర్వాతే ఊరు తినాలి. అంతవరకూ నాకూ తెలుసు. పండుగ అయ్యాక మట్టి నింపే ఆడవాళ్లు మా ఇంటికి ఆకులో ఆ కూర తెచ్చి ఇచ్చేవాళ్లు, నేను కళ్లకద్దుకుని తినేదాన్ని. కానీ పండుగకి ముందు తినకూడదు, అంతవరకే పట్టింపు అనుకున్నాను. పరీక్షలో తినమని ఎవరూ అడగరు కదా అనుకున్నాను. ఆ ఊళ్లో ఇంకా గట్టి పట్టింపు. పండుగ దాకా పిల్లలు కొత్త గింజతో ఆడుకోకూడదు, ముట్టుకోకూడదు. రోడ్డు పక్క ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు చర్చికి వెళ్తారు, అక్కడ ఆ పట్టింపు లేదు. అందుకే అక్కడ మాకేమీ తెలియలేదు.

అప్ప ఏమనుకుందంటే, పట్నం వాళ్లు పిల్లల నిగ్రహం చూడ్డానికే కొత్త గింజలు పోశారని. పిల్లలు ముట్టుకుంటే పాక పోతుందని. అందుకే నిద్దర పట్టలేదు. అందుకే నవ్వింది.

నేను పాక గడప మీద కూర్చుండిపోయాను. మా అమ్మ నైవేద్యానికి చక్కెరపొంగలి వండుతుంటే చిన్నప్పుడు గరిటె నాకినందుకు వీపు మీద ఒకటి తిన్నదాన్ని. ఇప్పటికీ దేవుడికి చూపించకుండా మెతుకు నోట్లో పెట్టనిదాన్ని. అలాంటిదాన్ని నేనే, ఆ పిల్లల ముందు నైవేద్యం కాని గింజలు పోసి, తియ్యి, పట్టుకో, ఆడుకో అని రెండేసిసార్లు అడిగాను. వాళ్లు నా మాట వినకపోతే ఏమీ రాదని రాశాను.

అప్పకి నిజం చెప్పాను. కాగితాల్లో ఏముందో, దానివల్ల ఏం కావచ్చో అంతా చెప్పాను. ఆమె జావగిన్నె మీద మూత పెట్టింది.

"మరైతే, నా గుంటలు ముట్టుకునుంటే మీకు మంచి పిల్లలా?" అంది.

నేను తెచ్చిన ప్రశ్నల కాగితాలు మడిచి సంచీలో పెట్టేశాను.

"నన్నొక్కమాట అడగనేదేటి సెల్లీ? పక్కనే ఉన్నాను కదా."

"నువ్వు మాట్లాడకూడదని నియమమప్పా. ఆ మాట నీకు చెప్పింది కూడా నేనే."

"అంత సదువుకున్నోళ్లు," అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. లేచి నాకూ ఒక గిన్నెలో జావ పోసి ఇచ్చింది.

మేడమ్‌కి చెప్పడానికి నేరుగా రోడ్డు పక్క ఇంటికి దిగాను. గింజల సలహా నాది. ఉద్యోగం పోతుందేమో అన్న భయం కన్నా, నేను దొరకడం అదృష్టమన్న మనిషికి ఈ మాట ఎలా చెప్పాలన్న సిగ్గు ఎక్కువ. అంతా విని ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"మీ నోటుబుక్కు ఇవ్వండి," అన్నారు. చేతులు తొడల కింద, చేతులు చంకల్లో, ఒక్కొక్క పేజీ తిప్పి చదివారు. "ఇక్కడే ఉంది చూడండి మొత్తం. మీరు రాశారు, నేను చదవలేదు. నేను ఫారాలే చూశాను."

"తప్పు నాదండి. గింజలు తెచ్చింది నేను."

"వాళ్లకి తెలిసిన వస్తువు కావాలన్నది నేను. ఆ వస్తువు వాళ్లకి ఏమవుతుందో అడగనిది కూడా నేనే." నోటుబుక్కు మూసి, "నాలుగేళ్ల పిల్లలు, ఇష్టమైనది ముందు పోస్తే అంతసేపు చేతులు ఆపుకున్నారు. మన ఊళ్లలో పెద్దవాళ్ల చేత చేయించండి చూద్దాం. దీనికి మన ఫారంలో గడి ఏదీ?" అన్నారు.

రిపోర్టు పంపాల్సిన గడువు దగ్గర్లోనే ఉంది. చింతపిక్కలతో మళ్లీ పరీక్ష పెడదామని నేనన్నాను. మేడమ్ వద్దన్నారు. ముందు అప్పని అడగమన్నారు. నేను మళ్లీ కొండెక్కి అడిగితే అప్ప ఒకటే మాట అంది. "పండగ దాకా ఆగమను. గింజలెక్కడికి పోతాయి?"

మేడమ్ ఆగారు. గడువు దాటుతుందని, ఎందుకు దాటుతోందో కారణంతో సహా ఉత్తరం రాశారు. దాన్ని నాకు చదివి వినిపించారు. తప్పు పిల్లలది కాదు, కార్యకర్తది కాదు, పరీక్ష పెట్టిన మాది అని అందులో ఉంది. చదువుకున్న మనిషి అలా రాసుకోవడం అదే మొదటిసారి చూడడం నేను.

దిశారి రోజు పెట్టాక మమ్మల్నీ పిలిచారు. మేము వెళ్లేసరికి ఊరి పైన రాళ్ల దగ్గర కొత్త కుండలో చిక్కుడు ఉడుకుతోంది. దేవతకి పెట్టడం అయ్యాక ఆకుల్లో అందరికీ పంచారు. మేడమ్ గుళ్లకి వెళ్లే మనిషి కాదు. అయినా నేను కళ్లకద్దుకుంటుంటే చూసి తనూ అద్దుకున్నారు. అప్ప మా ఆకుల్లో రెండోసారి వడ్డిస్తూ, "తిను మేడమ్, ఇప్పుడు ముట్టొచ్చు," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. మేడమ్ మొహం ఎర్రబడింది, తర్వాత ఆవిడా నవ్వారు.

మర్నాడు అదే చాప, అవే గింజలు. ముక్కుపోగు పాప ముందు పోసి, వేరుచెయ్యమ్మా అన్నాను. పాప రెండు చేతులూ చాచి గింజలన్నీ దగ్గరికి లాక్కుంది. చకచకా మూడు కుప్పలు పోసింది. నేను చూస్తే ఎరుపూ తెలుపూ నలుపూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. తప్పు చేసిందనుకున్నాను. మేడమ్ మాత్రం ముందుకి వంగి, "ఇవేంటో అడగండి," అన్నారు.

అడిగాను. పాప నా అజ్ఞానానికి జాలిపడినట్టు ఒక్కొక్క కుప్ప మీదా వేలు పెట్టి చెప్పింది. ఇవి విత్తనానికి. ఇవి కూరకి. ఇవి పురుగు పట్టినవి, కోళ్లకి.

"రంగులు?"

ఆ కుప్పలన్నీ కలిపేసి, మాకోసం పోనీలే అన్నట్టు రంగుల వారీగా కూడా పెట్టేసింది. పెట్టేసి అప్ప ఒళ్లోకి పోయి కూర్చుంది. మేడమ్ ఫారం మార్జిన్‌లో అంతా రాశారు. రాస్తూ రాస్తూ తలెత్తి అప్పని ఒక ప్రశ్న అడిగారు. "ఇది మీరు నేర్పారా?"

"నానేటీ నేర్పనేదమ్మా. నాను గింజలేరుకుంతుంటే పక్కన కూకుంతాది."

తర్వాత చాలాకాలానికి, నాకు చనువు పెరిగాక, మొదటి రోజు నేను చదివినప్పుడు నోటుబుక్కులో ఏం రాసుకున్నారని మేడమ్‌ని అడిగాను. ఇంట్లో నేర్చుకున్నదాన్ని వీళ్లు చదువు అనరు, కాబట్టి వేరేలా అడగాలి, అని రాసుకున్నారట. రాసుకుని కూడా గింజల పరీక్ష రోజు వేరేలా అడగలేకపోయానని ఆవిడే అన్నారు.

ఆ ఊరి బాలబడి ఉండిపోయింది. పట్నంలో ఆ సంస్థవాళ్లు రిపోర్టు చదివి ఏమన్నారో, ఎవరు వాదించారో నాకు తెలియదు. పాక ఉండిపోయింది, అదే నాకు చాలు. నేను మేడమ్ దగ్గర ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటాక కొత్తగా చేరే కార్యకర్తలకీ, పరిశోధనకి వచ్చే పట్నం పిల్లలకీ నేనే శిక్షణ ఇచ్చేదాన్ని. ఏ సర్టిఫికెట్టూ లేని నన్ను బల్ల ముందు నించోబెట్టి మాట్లాడించారు. దేవుడి దయ, మేడమ్ దయ.

అప్పకి అలా జరగలేదు. కొన్నేళ్లకి బాలబడి పద్ధతులు మారాయి. కార్యకర్త అంటే పదో తరగతి పాసై ఉండాలన్నారు. కింద ఊరి నుంచి చదువుకున్న అమ్మాయి ఒకామె వచ్చింది. మంచి పిల్లే. నేనూ మేడమ్ కలిసి అప్ప కోసం రాసిన ఉత్తరాలు ఏమయ్యాయో తెలియదు. ఈసారి మా మాట చెల్లలేదు. అప్ప పాకలోంచి బయటికి వచ్చి, జావ వండే పనిలో చేరింది. నేను బాధపడుతూ కూర్చుంటే, "ఏటే, పాక పోనేదు కదా. గుంటలు గెడ్డ కాడికి పోనేదు కదా. నాను లోపలుంటే ఏటి, పొయ్యి కాడుంటే ఏటి," అంది. పొయ్యి దగ్గర కూర్చుని కూడా పిల్లల్ని లెక్కపెట్టుకుంటూనే ఉండేది. ఒకరు తక్కువైతే గరిటె పట్టుకునే గెడ్డ వైపు నడిచేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి అప్ప నాలుగు రోజుల్లో పోయింది. దారులు తెగిపోయి నాకు కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. నర్సమ్మ కూడా అప్పటికి రిటైరై వెళ్లిపోయింది. అచ్చయిన ఆ రిపోర్టు నా దగ్గర ఉంది. వెనక పేజీలో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు, చివరన నా పేరు కూడా ఉంది. అప్ప పేరు ఉండాల్సిన చోట "స్థానిక కార్యకర్త" అని మాత్రమే ఉంది. అచ్చుకి వెళ్లేముందు ఆ పేజీ నేనూ చూశాను, చూసి కూడా నాకు తట్టలేదు.

ఇది చదివినవాళ్లని ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా, ఎవరైనా ఒక పిల్లకి ఏమీ రాదని చెప్పడం మీ చెవిన పడినప్పుడు అప్పను ఒకసారి తలుచుకోండి. ఆ ఊళ్లో ఆమె పొయ్యి దగ్గర కూర్చుని లెక్కపెట్టిన పిల్లలందరూ పెద్దవాళ్లయ్యారు.